పండు వచ్చింది, పండు సంగతి రాలేదు

మే నెల సగం దాటాక కదిర్కామంలో పళ్ళ బళ్ళ మీద లిచీ కనబడుతుంది. వళుదావూరు రోడ్డులో ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కనుక ఇక్కడ పళ్ళ బళ్ళకు ఏడాది పొడుగునా బేరమే. రోగిని చూడ్డానికి వచ్చేవాళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళరు కదా. ఆపిల్, బత్తాయి, దానిమ్మ, అరటి ఎప్పుడూ ఉండేవే. వాటి మధ్య కొన్ని వారాలపాటు ఈ ఎర్రటి గరుకు కాయలు ఆకులూ పుల్లలతో సహా గుత్తులుగా వచ్చి చేరతాయి. పుట్టిల్లు బీహార్‌లోని ముజఫర్‌పూర్. అక్కడినుంచి రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి చెన్నై మీదుగా మా వీధికి వస్తాయి.

వాటిని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. పండు లారీ ఎక్కి వస్తుంది. దాన్ని ఎలా ఏరుకోవాలి, ఎలా దాచుకోవాలి, ఎప్పుడు తినాలి అన్న తెలివిడి మాత్రం లారీ ఎక్కదు.

మామిడిపండు విషయంలో తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాం. బంగినపల్లి అయితే కోస్తాం. చిన్నరసం అయితే మెల్లగా పిసికి, ముచ్చిక తుంచి, సొన నాలుగు చుక్కలు పిండేసి పీలుస్తాం. పచ్చికాయల్ని గడ్డిలో మగ్గేస్తాం, తినేముందు పండును నీళ్ళలో పడేస్తాం. సీతాఫలానికి కళ్ళు విచ్చుకున్నాయా, సందులు తెల్లబడ్డాయా అని చూస్తాం. పనస తొనలు తీసేముందు చేతికి నూనె రాసుకుంటాం. ఇవన్నీ అమ్మమ్మ చేతుల్లోంచి అమ్మ చేతుల్లోకి, అక్కడినుంచి మన చేతుల్లోకి వచ్చినవి. లిచీ దగ్గరికి వచ్చేసరికి ఆ వరస తెగిపోతుంది. మా అమ్మమ్మ లిచీని చూడనే లేదు. బండి మీద అమ్మే పెద్దాయన తిండివనం వైపు మనిషి. చిన్నతనంలో ఆయనా దాన్ని ఎరగడు. అమ్మేవారికీ కొనేవారికీ మధ్య ఒక ఖరీదైన పండు ఉంది, దాని గురించి చెప్పే పెద్దదిక్కు లేదు.

పోయిన వేసవిలో ఆ బండి దగ్గరే ఒకావిడ కలిసింది. నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని దగ్గరకొచ్చింది.

“మీరు తెలుగోరాండీ?”

“అవునమ్మా, మాది యానాం.”

“మాదీ యానామేనండి! మా అమ్మాయికి ఇక్కడ మెడికల్ సీటొచ్చింది. చూసెళ్దామని వచ్చాం. ఇదేం పండండీ? ఈయన లిచ్చి, లిచ్చి అంటన్నాడు. తొక్కతో తినెయ్యడమేనా?”

యానాం ఇక్కడికి 800 కిలోమీటర్ల పైనే ఉన్నా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అందుకని ఈ కళాశాలలో యానాం పిల్లలకు కొన్ని సీట్లు ఉంటాయి. వాళ్ళను చూడ్డానికి వచ్చే అమ్మానాన్నల గోదావరి మాట కదిర్కామం వీధుల్లో అప్పుడప్పుడూ చెవిన పడి ప్రాణం లేచొస్తుంది.

ఆవిడ ఏరి పెట్టుకున్నవి చూశాను. బండి మొత్తంలో బాగా ఎర్రగా ఉన్నవి, పుల్లలు ఊడి విడిగా పడి ఉన్నవి. ఎవరైనా అలాగే ఏరుకుంటారు, ఎరుపు మనకు పండు గుర్తు కదా. లిచీలో ఎరుపు సగం సాక్ష్యమే. ముజఫర్‌పూర్ షాహీ రకం బాగా పండాక కూడా గులాబీ రంగులో, అక్కడక్కడ పచ్చని జాడతో ఉంటుంది. చూడాల్సింది తొక్క మీది బొడిపెల్ని. కాయ పచ్చిగా ఉన్నప్పుడు అవి ఒత్తుగా, మొనదేలి ఉంటాయి. పండేకొద్దీ లోపలి గుజ్జు ఉబ్బి తొక్కను సాగదీస్తుంది. దాంతో బొడిపెలు ఎడమై చదునవుతాయి. బొటనవేలితో ఒకసారి నిమిరితే చాలు, ఆ తేడా తెలిసిపోతుంది. ఆవిడ చేత రెండు కాయలు పట్టించి నిమరమన్నాను. “ఇది గుచ్చుకుంటందండి, ఇది గుచ్చుకోవట్లేదు” అంది. అంతే, సగం విద్య వచ్చేసింది.

మిగతా సగం తొడిమ దగ్గర ఉంది. చిన్న పుల్లముక్క అంటుకుని ఉన్న కాయే మేలు. పుల్లను లాగేసినప్పుడు తొక్క చిరిగితే ఆ చిరుగులోంచే పాడవడం మొదలవుతుంది. తొడిమ చుట్టూ చెమ్మ ఉన్నా, పులిసిన వాసన వచ్చినా ఆ కాయ వద్దు. చేతిలో పట్టుకుంటే సైజుకు మించిన బరువు తగలాలి. వేలితో నొక్కితే కొద్దిగా లొంగి మళ్ళీ లేవాలి. రంగు మీద అనుమానం ఉంటే తడిగుడ్డతో తుడవండి. గుడ్డకు ఎరుపు అంటితే అది పండు రంగు కాదు.

ఆ పెద్దాయనే ఒకటి చేతికిచ్చి రుచి చూడమన్నాడు. తొడిమ దగ్గర గోటితో నొక్కితే తొక్క చిట్లుతుంది, అక్కడినుంచి గుడ్డు పెంకులా వస్తుంది. లోపల తెల్లటి, సగం పారదర్శకమైన గుజ్జు. తొడిమ కింద, గింజ పైభాగాన, గోధుమరంగు పొడి ఉందేమో ఒకసారి చూడాలి. ఉంటే పురుగు తొలిచినట్టు లెక్క. లేదు. ఆవిడ నోట్లో వేసుకుంది. నల్లటి నున్నటి గింజను అరచేతిలోకి తీసి, “మంచి తియ్యగుందండి. మా అమ్మాయికి రెండ్రోజుల తర్వాత పరీక్ష అయిపోద్ది, అప్పుడిద్దును. అప్పటికి ఇంకా ముగ్గుతాయిగా?” అంది.

సరిగ్గా ఇక్కడే మన వారసత్వపు విద్య మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మామిడి, అరటి, బొప్పాయి, సీతాఫలం చెట్టు దిగాక కూడా పండుతాయి. వాటి మీద పెరిగిన చేతులు కనుక దేన్నయినా రెండు రోజులు ఉంచితే ఇంకా తీపెక్కుతుందని మనకు నమ్మకం. లిచీ చెట్టు దిగాక పండదు. కోసిన నిమిషంలో ఎంత తీపి ఉందో అదే దాని ఆఖరి తీపి. ఆ తర్వాత జరిగేదంతా తరుగుదలే. మగ్గేసే గడ్డి, బియ్యం డబ్బా దీనికి పనికిరావు.

ఆవిడ యానాం అనగానే నా మనసు మరో మనిషి మీదికి పోయింది. పియర్ సొనేరా అని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త. 1748లో లియోన్‌లో పుట్టాడు. తూర్పు దేశాలు తిరిగి, చూసిన చెట్లనూ పక్షులనూ బొమ్మలతో సహా వర్ణించి 1782లో తన ఇండియా, చైనా ప్రయాణ గ్రంథాన్ని అచ్చువేశాడు. లిచీకి ఈనాడు శాస్త్ర ప్రపంచమంతా వాడే లిచీ చైనెన్సిస్ అన్న పేరు ఆ పుస్తకంలోదే. వృక్షశాస్త్రజ్ఞులు ఆ పేరు పక్కన ఇప్పటికీ ‘సొన్.’ అని ఆయన గుర్తు రాస్తారు. ఆ సొనేరా 1790 ప్రాంతంలో ఫ్రెంచివారి తరఫున యానాంలో అధికారిగా పనిచేశాడు. తర్వాత చాలాకాలం పుదుచ్చేరిలోనే గడిపాడు. యానాం పక్కనే కోరంగి మడ అడవుల్లో పెరిగే ఒక చెట్టు జాతికి ఆయన పేరు మీదనే సోనరేషియా అని పేరు. లిచీని లోకానికి శాస్త్రీయంగా పరిచయం చేసిన మనిషి మా గోదావరి ఒడ్డున ఉన్నాడన్నమాట. అయినా రెండు శతాబ్దాల పాటు మా గోదావరి ఒడ్డున లిచీ రుచి తెలిసినవాళ్ళు లేరు.

దానికి కారణం చెట్టు స్వభావంలోనే ఉంది. లిచీ పూత పట్టాలంటే చలికాలం పొడిగా, చల్లగా ఉండాలి. వెచ్చని సముద్రపు గాలిలో చెట్టు పచ్చగా ఏపుగా పెరుగుతుంది గాని పూతకు రాదు. చైనా నుంచి బర్మా మీదుగా 18వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఈ చెట్టు గండకీ నది ఒండ్రునేలల్లో, హిమాలయాల కింది పట్టున స్థిరపడింది. మన వైపు విశాఖ మన్యంలో చింతపల్లి, లంబసింగి చలికి మాత్రం కొద్దిగా కాస్తోంది. కొడగు, వయనాడు కొండల్లో కూడా ఉంది. చిత్రమేమిటంటే అక్కడ పంట డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. ఆ రోజుల్లో బజారులో లిచీ కనబడితే అది ఈ కొండల సరుకేమో అడగండి. దగ్గరి దారిన వచ్చింది గనక తాజాగా దొరికే అవకాశం ఎక్కువ.

చెట్టు రాకపోయినా దాని బంధువులు మన పెరళ్ళలో ఎప్పటినుంచో ఉన్నారు. లిచీ, కుంకుడు ఒకే కుటుంబం. రాంబుటాన్ కూడా ఆ ఇంటిదే. తలంటు నాడు కుంకుడు రసం కంట్లో పడి ఏడ్చిన వాళ్ళందరికీ లిచీ దూరపు చుట్టమే. ఈ కుటుంబంలో చాలా చెట్లకు ఒక గుణం ఉంది. ఏదో ఒక భాగంలో ఘాటైన రసాయనాన్ని దాచుకుంటాయి. కుంకుడుకాయ నురగ అలాంటిదే. లిచీ దాచుకున్నదాని సంగతి కాసేపట్లో చెబుతాను, అదే అన్నిటికన్నా ముఖ్యమైనది.

ముందు దాచుకోవడం. లిచీ తొక్క పలచన. అది లోపలి తేమను ఆపలేదు. కోసిన కొన్ని గంటలకే ఎండడం మొదలుపెడుతుంది. ఎండేకొద్దీ తొక్కలోని ఎరుపు విరిగిపోయి గోధుమరంగు తిరుగుతుంది. మే నెల పుదుచ్చేరి ఎండకు రెండు మూడు రోజులు చాలు. చైనావాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు. కోసిన లిచీ ముందు రంగు, తర్వాత వాసన, ఆపైన రుచి పోగొట్టుకుంటుందని 9వ శతాబ్దపు కవి బాయ్ జుయీ గమనించాడు. అంతకు ముందు తాంగ్ చక్రవర్తి ష్వాన్‌జుంగ్ తన ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫెయ్ కోసం గుర్రాల మీద అంచెలంచెలుగా లిచీలు తెప్పించేవాడని ప్రసిద్ధి. 1059లో చాయ్ శియాంగ్ అనే ఉద్యోగి ఒక్క లిచీ మీదనే గ్రంథం రాశాడు. రకాలు, పెంపకం, నిలవ చేయడం అన్నీ అందులో ఉన్నాయి. అంతటి వెయ్యేళ్ళ తెలివిడి ఉన్న పండు మనకు పావుకిలో కవర్లో, ఒక్క మాట కూడా వెంట లేకుండా వచ్చింది.

ఇంట్లో చేయవలసింది కష్టమేమీ కాదు. కొనుక్కొచ్చాక కడగకూడదు, తినేముందు కడుక్కోవాలి. పుల్లల్ని పీకకుండా కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. చిట్లినవి, చెమ్మగా ఉన్నవి వేరు చేసి ఆ పూటే తినేయాలి. మిగతావి తడిపి బాగా పిండిన గుడ్డలో చుట్టి, అక్కడక్కడ చిల్లులు పెట్టిన కవర్లో వేసి, ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలో ఉంచాలి. చల్లదనం ఎంత అవసరమో తడి అంతే అవసరం. ఊరికే పళ్ళెంలో పోసి ఫ్రిజ్‌లో పెడితే అక్కడి పొడిగాలికి తొక్క ఇంకా తొందరగా ఎండుతుంది. ఇలా చుట్టి ఉంచితే మంచి సరుకు వారం రోజులు ధీమాగా ఉంటుంది. తొక్క గోధుమరంగు తిరిగినంత మాత్రాన పారేయకండి. ఒకటి ఒలిచి చూడండి. గుజ్జు తెల్లగా, గట్టిగా, పుల్లటి వాసన లేకుండా ఉంటే అది తినదగ్గదే. చాలా ఇళ్ళలో ఈ ఒక్క సంగతి తెలియక మంచి పళ్ళు చెత్తబుట్టలోకి పోతాయి. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎక్కువ వచ్చిపడితే తొక్కతోనే ఫ్రీజర్‌లో వేయొచ్చు. తీసిన కాసేపటికి, పూర్తిగా కరగకముందే ఒలుచుకుంటే ఎండ వేళ పిల్లలకు ఐసు తిన్నంత సంబరం.

ఇక అసలు విషయం.

ముజఫర్‌పూర్ ప్రాంతంలో 1995 నుంచి లిచీ కోతల కాలంలో పిల్లలకు ఒక జబ్బు వచ్చేది. రాత్రి బాగానే పడుకున్న పసివాడు తెల్లవారుజామున మూర్ఛలతో లేచేవాడు, స్పృహ తప్పేవాడు, చాలామంది బతికేవారు కాదు. వానలు పడ్డాక జబ్బు ఆగిపోయేది. మెదడువాపు అనుకున్నారు. వైరస్ కోసం వెతికారు, పురుగుమందుల్ని అనుమానించారు. మాకు దగ్గర్లోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన వైరాలజిస్టు టి. జాకబ్ జాన్, ముజఫర్‌పూర్ పిల్లల వైద్యుడు అరుణ్ షా కలిసి, ఇది వైరస్ పని కాదు, రక్తంలో చక్కెర పడిపోవడమని, లిచీతో దీనికి సంబంధం ఉందని వాదించారు. 2014లో భారత, అమెరికా పరిశోధకులు ఇంకా పెద్ద ఎత్తున చూశారు. మే 26 నుంచి జూలై 17 దాకా అక్కడి రెండు ఆసుపత్రుల్లో చేరిన పిల్లలు 390 మంది, చనిపోయినవారు 122 మంది. ఆ అధ్యయనం 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. జబ్బుపడ్డ పిల్లల్లో రెండు సంగతులు తేలాయి. ముందటి 24 గంటల్లో లిచీ తిని ఉండటం ఒకటి. రాత్రి అన్నం తినకుండా పడుకోవడం రెండోది.

లిచీలో హైపోగ్లైసిన్, దానికి దగ్గరి బంధువైన మరో పదార్థం ఉంటాయి. ఆ రెండో పదార్థాన్ని 1962లోనే లిచీ గింజల్లో గుర్తించారు. గుజ్జులోనూ కొంత ఉంటుంది, పచ్చికాయల్లో మరింత. రాత్రి పొద్దుపోయాక శరీరం కాలేయంలో దాచుకున్న చక్కెరను వాడుకుంటుంది. అది అయిపోతే కొవ్వును కరిగించి, కొత్తగా చక్కెర తయారుచేసుకుని నడుపుకొస్తుంది. ఈ పదార్థాలు ఆ రెండో దారిని మూసేస్తాయి. కడుపునిండా తిన్న బిడ్డకు మొదటి దారిలోనే తెల్లారిపోతుంది, ఏమీ కాదు. తిండి చాలక కాలేయంలో నిల్వలేని బిడ్డ, పగలంతా తోటలో రాలిన పచ్చి లిచీలు తిని, రాత్రి ఆకలి లేదని పడుకుంటే, తెల్లవారుజామున రెండు దారులూ మూసుకుపోతాయి. లిచీ మీద మాత్రమే నేరం మోపడం తగదని, ఎండను, పేదరికాన్ని మరిచిపోవద్దని వైద్యులలో కొందరు చెప్పారు. అదీ నిజమే. ఆ పిల్లల్ని ముందు కుంగదీసింది ఆకలి. పండు ఆఖరి తోపు.

ఇది తెలిసినప్పటి నుంచి నాకు లిచీ పట్ల భయం కలగలేదు. తెలుసుకోవడం పట్ల గౌరవం పెరిగింది. వంద ఏళ్ళకు పైగా లిచీ పండిస్తున్న నేలకే ఈ సంగతి తెలియలేదంటే, పెద్దవాళ్ళ చేతుల నుంచి వచ్చే విద్య కూడా కొన్నిచోట్ల చాలదన్నమాట. అక్కడ వైద్యుల కలం అవసరమైంది. ఇదే కుటుంబంలోని ఆకీ పండును చూడండి. 18వ శతాబ్దంలో పశ్చిమాఫ్రికా నుంచి జమైకా చేరింది. పచ్చి ఆకీలో హైపోగ్లైసిన్ లిచీలో కన్నా చాలా ఎక్కువ. అది తిని జనం వాంతులతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. జమైకా వాళ్ళు దాన్ని వదులుకోలేదు. చెట్టు మీదనే కాయ తనంతట తాను నోరు తెరిచేదాకా కోయకూడదని, గింజను ముట్టకూడదని ఇంటింటా నేర్పుకున్నారు. ఇవాళ అది వాళ్ళ జాతీయ ఫలం.

మనవే అనుకునే సీతాఫలం, జామ, బొప్పాయి, అనాస, జీడిమామిడి కూడా ఒకనాడు అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. వాటి సంగతులన్నీ మన ఇళ్ళలోకి ఇంకడానికి తరాలు పట్టింది. లిచీ, రాంబుటాన్, డ్రాగన్ ఫ్రూట్ వంటి వాటికి మనం అంత వ్యవధి ఇవ్వలేం. అవి ఒకే దశాబ్దంలో వీధి బళ్ళ మీదికి వచ్చేశాయి. అందుకే తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు అక్కడికక్కడే, బండి దగ్గరే చెప్పాలి. నేను చెప్పింది ఆ యానాం ఆవిడ ఒక్కొక్కటీ మళ్ళీ పైకి చెప్పుకుని, ఆ పూటకు సరిపడా పావుకిలో తీసుకుని, పరీక్ష అయ్యాక తాజాగా కొంటానని వెళ్ళింది. బండి పెద్దాయన అంతా విని, తర్వాత వచ్చిన వాళ్ళకు బొడిపెలు నిమిరి చూపించడం మొదలుపెట్టాడు. అరవంలో ఆయన చెప్పిన తీరు నాకన్నా బాగుంది.

మీ ఊళ్ళోకీ ఈ మేలో లిచీ వస్తుంది. కొనండి, తినండి, మొహమాటపడకండి. పిల్లలకు అన్నం తిన్నాకే పెట్టండి, పరగడుపున వద్దు. పచ్చివి, చేదువి ఉమ్మేయమనండి. గింజ నమలనివ్వకండి. మధుమేహం ఉన్నవాళ్ళు డాక్టరుగారిని అడిగి తినండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలకు నాలుగు పళ్ళు ఇచ్చినా, రాత్రి వాళ్ళు అన్నం తిని పడుకోవాలన్న మాట కూడా కలిపి ఇవ్వండి.